నూనెకు ముందు, నూనె తర్వాత

ఫొటో బాబాయి చేతిలో పడ్డవాళ్లెవరూ వికారంగా బయటికి వెళ్లలేదు. మనిషి ఎలా వచ్చినా, ఫొటో మాత్రం చక్కగా వచ్చేది. అది ఆయన గొప్పతనమని ఊరంతా అనుకునేది, ఆయనా కాదనేవాడు కాదు. అది ఒక జబ్బని తెలిసేసరికి ఆయన చాలా దూరం వచ్చేశాడు.

ఆయన స్టూడియో మూడంతస్తుల మేడకి మెట్ల కింద ఉంటుంది. పైవాళ్లు దిగుతుంటే లోపల కూర్చున్నవాళ్ల నెత్తిమీద దబదబమని చప్పుడు. ముందు గదిలో ఒక బల్ల, గోడకి అద్దం, దాని కింద పౌడరు డబ్బా. లోపలి గదిలో ఒక గుండ్రటి స్టూలు, వెనక నీలం తెర, ఇటూ అటూ గొడుగుల్లాంటి రెండు దీపాలు. వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది చిన్న సైజు ఫొటోలకి వచ్చేవాళ్లే. ఉద్యోగానికో, ప్రయాణానికో, పరీక్షకో అతికించే ఫొటోలు. వాటికి అందంతో పనేముంది? కానీ బాబాయికి ఉంది.

నుదురు మెరుస్తుంటే ఇంత పౌడరు అద్దేవాడు. నడినెత్తిన పలచగా ఉన్నవాణ్ని "గడ్డం కాస్త పైకెత్తు నాయనా" అనేవాడు, దాంతో నెత్తి కాస్తా వెనక్కి పోయి కనబడకుండా పోయేది. పక్క పాపిడి లోపలికి జరిగి ఉంటే, చిటికెన వేలితో నాలుగు వెంట్రుకలు ఇటు తెచ్చి దీపాన్ని రవ్వంత అటు తిప్పేవాడు. ఇవన్నీ ఆలోచించి చేసే పనులు కావు. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు మనమేమన్నా ఆలోచిస్తామా? ఆయన చేతులు ఆయన్ని అడక్కుండానే అవతలివాడిమీద జాలిపడేవి.

ఆ చేతుల్ని పెంచింది అక్క. తల్లి మిల్లులో పనికి పోతే, తమ్ముడికి తల దువ్వి బడికి తోలింది అక్కే. పెద్దయ్యాక తనూ అదే మిల్లులో చేరి దారాలు అతుకుతూ జీవితం గడిపింది. ఒకనాడు మిల్లు మూసేశారు. ఆ తర్వాత కొన్నాళ్లు అక్కని చూస్తే భయం వేసేది. తుడిచిన గదినే తుడిచేది, మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టేది. "తిన్నావా అక్కా?" అంటే, ఎవరినో అడిగినట్టు అటూ ఇటూ చూసేది.

అలాంటి అక్క ఒకరోజు తలకి గుడ్డ చుట్టుకుని, పెరట్లో పొయ్యి వెలిగించి, దానిమీద పెద్ద మూకుడు పెట్టింది. మందారాకులు, మెంతులు, కలబంద, ఉల్లిపాయ రసం, అడిగితే చెప్పని బెరడు ఏదో ఒకటి, అన్నీ నూనెలో పడి గంటలకొద్దీ ఉడికాయి. ఆ వాసనకి ఉత్తరాలు పంచేవాడు ముక్కు మూసుకుని పరుగున సందు దాటేవాడు. నూనె వడకట్టి సీసాలో పోసి, "ఇది రాస్తే రాలిన జుట్టు రావాల్సిందే" అంది అక్క. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో, మిల్లు మూసేశాక మొదటిసారి, వెలుగు కనబడింది. తమ్ముడికి అంతకంటే ఏం కావాలి? నూనె పనిచేస్తుందో లేదో ఆయన అప్పుడే తేల్చేసుకున్నాడు.

అయినా ఆ నూనె ఓడిపోయే దారంటూ ఎక్కడా లేదు. రాసుకున్నవాడికి జుట్టు పెరిగితే, నూనె. పెరక్కపోయినా రాలడం ఆగితే, నూనె. ఇంకా రాలుతుంటే, "పాతది పోవద్దూ కొత్తది రావడానికి?" అనేది అక్క. ఏదీ జరక్కపోతే, "సరిగ్గా రాసి ఉండవు. గోళ్లతో కాదు, వేళ్లతో రాయాలి" అనేది. పాపం, వాళ్లు తమ వేళ్ల వంక తామే అనుమానంగా చూసుకుంటూ ఇంకో సీసా పట్టుకుపోయేవాళ్లు.

ఇంత నమ్మకానికి తోడు సాక్ష్యం కూడా ఉంటే బాగుంటుందని అక్కకే తోచింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ టైలరుకి రాయకముందు ఒకటి, రాశాక ఒకటి ఫొటో తియ్యి. జనం కళ్లతో చూస్తే నమ్ముతారు" అంది.

టైలరు స్టూడియో పక్క కొట్టువాడు. నడినెత్తిన కాస్త ఎక్కువే పలచబడినవాడు. 'ముందు' ఫొటో అతని కొట్లోనే అయింది. అతను వానలో తడిసి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా, మిషను మీదికి వంగి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. పైన ట్యూబులైటు నేరుగా నెత్తిమీద పడుతోంది. బాబాయి గుమ్మంలోంచే ఫోనుతో టక్కున తీసేశాడు. కొన్ని నెలల తర్వాత 'తర్వాత' ఫొటో. దానికి టైలరు స్నానం చేసి, తనకి తానే కుట్టుకున్న కోటు వేసుకుని స్టూడియోకి వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టాక బాబాయి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పౌడరు, గడ్డం, చిటికెన వేలు, దీపం.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆయనకి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా! పనిచేసిందే!" అని సందులోంచి కేకేసుకుంటూ పరుగెత్తాడు. ఇందులో ఆయన మోసమేమీ లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. మోసం చేసేవాడికి కనీసం తను చేస్తున్నది తెలుస్తుంది.

ఆ జంట ఫొటోలు స్టూడియో అద్దాల పెట్టెలో వెలిశాయి. 'ముందు'లో టైలరు ఎక్కడో పట్టుబడ్డవాడిలా ఉన్నాడు. 'తర్వాత'లో పట్టుకున్నవాడిలా ఉన్నాడు. దారినపోయేవాళ్లు ఆగి, తమ నెత్తి తడుముకుని, అక్క ఇల్లెక్కడని అడగడం మొదలెట్టారు. బస్సు కోసం నిలబడ్డా అక్కకి మర్యాద జరిగేది. "అక్కగారూ, మా చెల్లెలికి చెవుల దగ్గర ఊడుతోందండీ" అని ఒకరు, "మీ చలవ వల్ల మావారికి నూగు వచ్చిందండీ" అని ఒకరు. ఒకప్పుడు మెడ వంచుకుని మిల్లుకి పోయి వచ్చిన మనిషి, ఇప్పుడు వీధి మధ్యలోంచి నడిచేది. బాబాయి కూడా రోజూ ఉదయం ఇంత నూనె పట్టించి, అద్దంలో చూసుకుని, బాగానే ఉందనుకునేవాడు.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో. కానీ చిక్కు ఆయన సొంత ఇంట్లోనే మొలిచింది.

బాబాయికి ఒక్కతే కూతురు. బస్సు టిక్కెట్లిచ్చే కౌంటరులో కూర్చుంటుంది, రోజంతా జనం మొహాలు చూస్తూ, జనానికి తన మొహం చూపిస్తూ. ఒక ఉదయం తలారబెట్టుకుంటుంటే వాళ్లమ్మ గబుక్కున ఆమె భుజం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. చెవి వెనక, ఒత్తయిన జుట్టు మధ్యలో, చిన్న నాణెమంత మేర నున్నగా ఉంది. ఎర్రగా లేదు, పొక్కు లేదు, దురద లేదు. ఎవరో పనిగట్టుకుని గుండ్రంగా గీసి తీసేసినట్టుంది.

"డాక్టరుకి చూపిద్దాం" అంది తల్లి.

"డాక్టరెందుకే? ఇంట్లో నేనుండగా!" అంది అక్క, అప్పుడే గుమ్మంలో అడుగుపెడుతూ. ఆ గొంతులో ఆశ్చర్యం తప్ప కోపం లేదు. వంటమనిషి ఇంట్లో హోటలు కూడు తెప్పిస్తామంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

తల్లి బట్టల కొట్లో గుడ్డ కొలిచి కత్తిరించే పనిలో ఉంది. నోరు తక్కువ, చూపు ఎక్కువ. ఆ పూట ఆడపడుచుతో వాదించలేదు. అక్క తెచ్చిన సీసా మూత తీసి, దాన్ని కూతురి చెవి వెనక ఆ మచ్చమీద బోర్లించి చూసింది. మచ్చ మూతలోపలే ఉంది. "సరే వదినా, రాయండి" అంది.

ఆ రోజు నుంచి అక్క ఉదయాన్నే వచ్చి, మేనకోడల్ని పీట మీద కూర్చోబెట్టుకుని, వేళ్లతో మెల్లిగా రాసేది. రాస్తున్నంతసేపూ మిల్లు కబుర్లు చెప్పేది. ఆ పిల్లకి ఆ పొద్దుటి వేళ బాగుండేది. "నమ్మకమేనా నీకు?" అని తల్లి చాటుగా అడిగితే, "ఏమోనమ్మా. వద్దంటే అత్త మొహం ఎలా అయిపోతుందో తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తుంది" అంది. చూశారా, జబ్బొచ్చినవాళ్లే మందుని ఓదారుస్తున్నారు.

బాబాయి ప్రతివారమూ కూతుర్ని స్టూడియోకి పిలిచి ఆ మచ్చ ఫొటో తీసేవాడు. ప్రతి వారమూ మచ్చ కాస్త తగ్గేది. కొత్త ఫొటో రాగానే దాన్ని తీసుకుని అక్క ఇంటికి పరుగు. అక్క దాన్ని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసి, "పిల్లది దృఢమైన కుదురు. అందుకే నూనెని అందుకుంది" అనేది.

ఒక ఆదివారం ఆయన ఆ ఫొటోలన్నీ మంచం మీద వరసగా పరిచి భార్యని పిలిచాడు. "చూడు. నువ్వు డాక్టరు డాక్టరు అన్నావు. ఏమైందిప్పుడు?"

ఆవిడ ఫొటోల వంక చూడలేదు. వంటింట్లోకి వెళ్లి సీసా మూత పట్టుకొచ్చింది. "అమ్మాయ్, ఇలా రా" అని కూతుర్ని కూర్చోబెట్టి, జుట్టు పాయలు తీసి, మూత బోర్లించింది.

మూత చుట్టూ నున్నటి చర్మం కనబడుతోంది. దాని కింద, మెడ మొదట్లో, ఇంకో మచ్చ అప్పుడే మొదలవుతోంది.

"ఫొటో చూడవే ముందు!" అన్నాడు బాబాయి.

"ఫొటోకి కాదండీ జుట్టు ఊడుతున్నది. తల చూడండి" అంది ఆవిడ.

చూశాడు. కెమెరా లేకుండా, దీపం లేకుండా, కిటికీలోంచి వచ్చే వెలుతురులో కూతురి తల చూశాడు. ఫొటోలు ఏరుకుని స్టూడియోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఫొటోల్ని బల్లమీద పరిచి, ఎవడో పరాయివాడు తీసినట్టు చూడటం మొదలెట్టాడు. మొదటిదాంట్లో దీపం ఎడమన ఉంది, రెండోదాంట్లో కుడికి వచ్చింది. మూడోదాంట్లో మెడ వంపు మారింది. నాలుగోదాంట్లో చెవి మీది పాయ ఒకటి ముద్దుగా వచ్చి మచ్చ అంచున వాలింది. అయిదోదాంట్లో ఆ పాయని అక్కడ వాల్చిన చిటికెన వేలు, గోరుతో సహా, ఫొటో మూలన కనబడుతోంది. ఆ వేలు ఆయనదే. ఇంత శ్రద్ధగా తన నెత్తిన తానే టోపీ పెట్టుకున్నవాడు ఇంకొకడుండడు.

మర్నాడు కూతుర్ని మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు తియ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు.

"నాన్నా, దువ్వేస్తున్నావు."

"లేదే."

"దువ్వెన నీ చేతిలోనే ఉంది నాన్నా."

దువ్వెన కింద పడేసి కెమెరా పట్టుకున్నాడు. రెండో చెయ్యి దీపం మీదికి పోయింది. దాన్ని వెనక్కి తీసుకుంటే గొంతు బయల్దేరింది. "మెడ కాస్త ఇటు తిప్పమ్మా" అని తనే అని, తనే నాలుక కరుచుకున్నాడు. కూతురు నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. కన్న కూతురి తలని నిజంగా చూపించడానికి తన చేతులు పనికిరావని తెలిసిన తండ్రికి నవ్వెలా వస్తుంది?

అప్పుడు ఆయనకి కార్డులాయన గుర్తొచ్చాడు.

కార్డులాయనంటే గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసులో ఫొటోలు తీసే మనిషి. అక్కడ కుర్చీని నేలకి బిగించేశారు, కెమెరాని బల్లకి బిగించేశారు, నెత్తిమీద ఒకటే లైటు. ఆయన "కూర్చోండి" అంటాడు, "కదలకండి" అంటాడు, "తరవాతివాళ్లు" అంటాడు. ఆ కార్డుల్లో ఊళ్లో పెద్దమనుషులంతా రాత్రి గోడ దూకి దొరికిపోయినట్టుంటారు. "అతగాడు తీసిన ఫొటో చూపిస్తే మన ఇంట్లోకి మనల్నే రానివ్వరు" అని బాబాయి ఏళ్ల తరబడి నలుగురినీ నవ్వించాడు. ఆ మాట కార్డులాయన చెవినా పడింది. అందుకే గుమ్మంలో భార్యా కూతురితో నిలబడ్డ బాబాయిని చూడగానే కళ్లజోడు పైకి నెట్టుకుని ఎగాదిగా చూశాడు.

"ఏం బాబాయ్, దారి తప్పి వచ్చావా?"

"లేదన్నా. మా అమ్మాయికి ఒక ఫొటో తియ్యాలి. మొహం కాదు. తల వెనకాల."

"నువ్వుండగా నేనెందుకు?"

"నువ్వు మామూలుగా ఎలా తీస్తావో అలాగే తియ్యి. ఏమీ సర్దొద్దు."

"అంటే?"

"అంటే... నీ పద్ధతిలో."

"ఘోరంగానా?"

"అవునన్నా. ఘోరంగానే. నీకు చేతనైనంత ఘోరంగా."

కార్డులాయన లేచి కుర్చీ మీద దుమ్ము స్వయంగా దులిపాడు. "ఇన్నేళ్ల సర్వీసులో నా పని కోసం వెతుక్కుంటూ వచ్చింది నువ్వొక్కడివే" అన్నాడు. అమ్మాయిని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, తల్లి చేత జుట్టు పాయ తీయించి, "కదలకండి" అన్నాడు. బాబాయి చేతులు కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడొక ఫొటో, కొన్ని వారాలాగి అదే కుర్చీలో, అదే లైటు కింద ఇంకో ఫొటో. ఈ మధ్యలో నూనె రాయడం ఒక్కరోజు కూడా మానలేదు. తల్లి దీనికి గడువు పెట్టింది. "ఆ రెండో ఫొటో దాకానే ఆగుతాను. తర్వాత మీ అక్కా తమ్ముళ్లు ఏమన్నా సరే, పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను" అంది.

రెండోసారి వెళ్లినప్పుడు బాబాయి టైలరుని కూడా లాక్కుపోయాడు. టైలరు మళ్లీ కోటు వేసుకుని ఉత్సాహంగా బయల్దేరాడు. అక్కడికెళ్లాక కోటు విప్పించి, నెత్తిమీద చెంబుడు నీళ్లు పోసి, తల వంచమన్నారు. ఫొటో వచ్చింది. అద్దాల పెట్టెలో ఉన్న 'ముందు' ఫొటోకీ దీనికీ అణువంత తేడా లేదు.

"ఇది నేను కాదు" అన్నాడు టైలరు ఠక్కున.

"నువ్వే."

టైలరు తల తుడుచుకుంటూ, మెల్లిగా, "బాబాయ్, ఆ కోటు ఫొటో మాత్రం పెట్టెలోంచి తీసెయ్యకు. దాన్ని చూశాక మా ఆవిడ నన్ను 'మీరు' అనడం మొదలెట్టింది" అన్నాడు.

కూతురి రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఇక చెప్పడానికేమీ లేదు. మచ్చ పెరిగింది. రెండో మచ్చ దాన్ని అందుకోబోతోంది. ఇప్పుడు అక్కకి చెప్పాలి. చెప్పకపోతే కూతురి జుట్టు పోతుంది, చెబితే అక్క మళ్లీ ఆ తుడిచిన గదినే తుడిచే మనిషైపోతుంది. ఆయనకి నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు. ఒకసారి ఆ ఫొటోల కవరు జేబులో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లి, వాన గురించి మాట్లాడి, మళ్లీ వాన గురించే మాట్లాడి, తిరిగొచ్చేశాడు. "ఏమైంది?" అంది భార్య. "వానొచ్చేలా ఉంది" అన్నాడు. ఆవిడ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

ఈసారి వెళ్లేసరికి అక్క పెరట్లో పాత గుడ్డలో నూనె వడకడుతోంది. బాబాయి ఫొటోలు తీసి అరుగుమీద పెట్టాడు. అక్క చేతులు తుడుచుకుని ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది.

"ఎవడ్రా తీసింది? ఇంత దరిద్రంగా ఉన్నాయి."

"కార్డులాయన."

"నువ్వెందుకు తియ్యలేదు?"

"నేను తీస్తే బాగా వస్తాయక్కా. అందుకని."

అక్క తల ఎత్తలేదు. మొదటి ఫొటో చూసింది, రెండో ఫొటో చూసింది. మళ్లీ మొదటిది. మిల్లులో తెగిన దారం కొస కోసం వెతికేటప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. చాలాసేపటికి, "టైలరుది?" అంది.

ఆ మూడో ఫొటో చూపించకుండా ఉంటే బాగుండునని ఆయన ఎంతగానో అనుకున్నాడు. జేబులోంచి తీసి ఇచ్చాడు. అక్క దాన్ని చూసి, మడిచి, తిరిగి ఆయన జేబులోనే పెట్టింది. తర్వాత పొయ్యి ఆర్పేసింది.

"ఇక వెళ్లరా" అంది. తిట్టి ఉంటే ఆయనకి ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. "అత్త రేపు రాదేమో" అంది కూతురు. వచ్చింది. రోజూ వచ్చే వేళకే వచ్చింది, కానీ చేతిలో సీసా లేదు. ఊరికెళ్లేటప్పుడు కట్టుకునే మంచి బట్టలు కట్టుకుంది. "ఇంకా తెమలలేదా మీరు? ఆస్పత్రిలో ఆలస్యంగా వెళితే సాయంత్రందాకా కూర్చోబెడతారు" అని అందరినీ కసిరింది. తల్లి వదిన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

చర్మం డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అమ్మాయి తలని భూతద్దంలోంచి నిదానంగా చూసి, అంచున ఉన్న వెంట్రుకలు రెండు మెల్లిగా లాగి చూసింది. ఇంతలో అక్క ఉండబట్టలేకపోయింది.

"నేనొక నూనె రాశానమ్మా. దానివల్లే పెరిగిందా ఇది?"

"కాదండీ. నూనె దీన్ని తేలేదు, ఆపనూ లేదు. ఒంట్లో రోగాల్ని తరిమే శక్తి ఒకటుంటుంది కదా, అది పొరపాటుపడి వెంట్రుకల కుదుళ్లనే శత్రువులనుకుంటుంది. కొంతమందికి కొన్నాళ్లకి దానంతటదే తగ్గి, జుట్టు వచ్చేస్తుంది. అప్పుడు ఏది రాస్తూ ఉంటే దానికి పేరొస్తుంది."

"అదన్నమాట నాకొచ్చిన పేరు" అంది అక్క.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఈ అమ్మాయికి పెరుగుతోంది కాబట్టి ఆగకుండా సూది మందు మొదలెడదాం. వస్తుందనే నా నమ్మకం. కానీ ఖాయంగా మాటివ్వలేను."

"మాటివ్వలేనంటున్నారంటే మీది మంచి మందే అయ్యుంటుంది" అంది అక్క. "నేను అందరికీ మాటిచ్చాను."

సూది గుచ్చుతున్నప్పుడు ఆ పిల్ల తండ్రి చెయ్యీ పట్టుకోలేదు, తల్లి చెయ్యీ పట్టుకోలేదు, అత్త చెయ్యి పట్టుకుంది. అంతా అయ్యాక డాక్టరమ్మ, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, తర్వాతి వాళ్లని పిలవడానికి గంట మీద చెయ్యి పెట్టింది. తల్లీకూతుళ్లు లేచారు. అక్క మాత్రం వెళ్లి, అమ్మాయి ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుంది.

"నాదీ ఒకసారి చూడండమ్మా" అంది. తలకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పింది.

నూనె కాచడం మొదలెట్టినప్పటి నుంచీ ఆ గుడ్డ ఆమె తలమీదే ఉండేది. సెగకీ, శుభ్రానికీ కట్టుకుంటుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. గుడ్డ ఒళ్లోకి జారింది. పాపిడి ఉండాల్సిన చోట పాపిడి లేదు. నడినెత్తంతా చర్మం కనబడుతోంది. చుట్టూ మిగిలిన నాలుగు పాయల్ని వెనక్కి లాగి ముడి వేసుకుంది. ఆ ముడి పిల్లలాడుకునే గోళీ అంత ఉంది.

"అక్కా... ఎప్పటినుంచి?" అన్నాడు బాబాయి.

"మిల్లు మూసేసినప్పటినుంచి. మరి ఆ నూనె ఎవరికోసం కాచాననుకున్నావు ముందు?" అంది అక్క. "ఒక్కరోజు మానకుండా రాశాను. దువ్వెన రోజూ చెబుతూనే ఉంది. చేతిలో ఊడి వచ్చింది చూసుకుని, పోయి నీ అద్దాల పెట్టె ముందు నిలబడేదాన్ని. టైలరుకి వచ్చింది, పిల్లకి వస్తోంది, మా తమ్ముడు తీసిన ఫొటోనే ఉందిగా, నా దువ్వెనదే ఏదో తప్పనుకునేదాన్ని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. అక్క పక్కకి తిరిగి, ఆయన మొహంలోకి చూసి అడిగింది. "చూసి చెప్పరా. బాగా పోయిందా?"

బాగానే ఉందక్కా, అనే మాట ఆయన పెదాల దాకా వచ్చింది. జీవితమంతా అందరికీ చెప్పిన మాట. పిలవకుండానే వచ్చి నిలబడింది. ఆయన దాన్ని గుటక వేసి మింగేశాడు. వెలుతురు ఎలా ఉంటే అలాగే, నిలబడ్డ చోటినుంచి కదలకుండా, చేతులు కదపకుండా అక్క తలని చూశాడు.

"చాలా పోయిందక్కా" అన్నాడు.

అక్క ఊపిరి వదిలింది. "హమ్మయ్య" అంది. "ఇన్నాళ్లూ నాకొక్కదానికే కనబడుతోందనుకున్నానురా."